దూరం కొలిచిన చదువు

రోజూ సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎమ్ఎమ్‌టీఎస్ ఎక్కి లింగంపల్లిలో దిగుతాను. అక్కణ్నుంచి ఆఫీసుకి ఆటో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కగా పోయే ఆ రోడ్డు పేరు ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు. బోర్డు చూసినప్పుడల్లా ఎవరో పాతకాలపు వైస్ ఛాన్సలర్ అయ్యుంటాడనుకునేవాణ్ని. ఆటో డ్రైవర్‌కి దారి చెప్పడానికి తప్ప ఆ పేరుతో నాకు పని పడలేదు. అదే సమయంలో ఆఫీసులో నేను రాసిన ఒక ప్రోగ్రాము, రోజుకి కొన్ని వేలసార్లు, ఆయన పనిచేసిన ఒక సూత్రాన్ని నడుపుతోంది. ఆ రెండిటికీ సంబంధం ఉందని తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ప్రోగ్రాము సంగతి ముందు చెప్పాలి. చిన్న చిన్న అప్పులిచ్చే ఒక సంస్థ కోసం చేసిన పని అది. అప్పుకోసం దరఖాస్తు పెట్టినవాళ్ల వివరాలు వస్తాయి: వయసు, ఆదాయం, అద్దె, బ్యాంకులో నెలనెలా పడే మొత్తం, అలా ఒక ఇరవై అంకెలు. 'మామూలు' దరఖాస్తుకి ఇది ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, మరీ దూరంగా ఉంటే పక్కన పెట్టాలి. లైబ్రరీలో ఫంక్షన్ రెడీగా ఉంది, పేరు మహలనోబిస్ డిస్టెన్స్. ఒక్క లైనులో పని అయిపోయింది. పక్కన పెట్టినవాటిని తర్వాత ఎవరో మనిషి చూస్తాడని డిజైన్‌లో రాసుకున్నాం. ఆ మనిషిని ఎప్పుడూ నియమించలేదు. ఏడాది తర్వాత ఆ గుట్ట తెరిచి చూస్తే అందులో మోండా మార్కెట్ లాంటి చోట్ల కూరగాయలమ్మేవాళ్లు, టిఫిన్ బండ్లవాళ్లు, పెన్షన్ మీద బతికే ఒంటరి ముసలివాళ్లు. ఒకటో తారీఖున జీతం పడని మనుషులు.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో 'ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్' చదివాను. చదివానంటే, పరీక్ష ముందు రాత్రి పాత పేపర్లలో పదేపదే వచ్చిన పది ప్రశ్నలు బట్టీ పట్టాను. ఆ సూత్రం ఏం కొలుస్తుందో, ఎవరి కోసం పుట్టిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ గుట్ట చూశాక అడగాలనిపించింది.

*

ముందు సూత్రం. ఆరడుగుల మనిషి మనకి వింత కాదు. యాభై కిలోల మనిషీ వింత కాదు. ఆరడుగుల ఎత్తుండి యాభై కిలోల బరువున్న మనిషి ఎదురైతే మాత్రం ఒక్క క్షణం ఆగి చూస్తాం. ఎత్తుని విడిగా, బరువుని విడిగా కొలిస్తే ఈ వింత దొరకదు. ఎత్తు పెరిగితే బరువూ పెరుగుతుందనే పొత్తు మన మనసులో ముందే ఉంది కాబట్టి ఆగాం. ఇలా ఒకేసారి చాలా కొలతల్ని, వాటి మధ్య పొత్తులతో సహా చూడటమే మల్టీవేరియేట్ స్టాటిస్టిక్స్. తెలుగులో బహుచర విశ్లేషణ అనొచ్చు.

ఇంకో సంగతి. ఇద్దరి మధ్య తేడాని ఎత్తుతో కొలిచి, మళ్లీ కాళ్ల పొడవుతో కొలిచి, రెండూ కూడితే ఒకే తేడాని రెండుసార్లు లెక్కపెట్టినట్టే. కాళ్లు పొడుగైతే మనిషి పొడుగే కదా! మహలనోబిస్ దూరం ఈ పొరపాటు చెయ్యదు. ఒకదానితో ఒకటి ముడిపడ్డ కొలతల ముడి విప్పి, ఒక్కో దాంట్లో కొత్తగా ఉన్న సమాచారాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అంతేకాదు, ఒక గుంపులో మనుషులు సహజంగానే ఎంత చెదిరి ఉన్నారో చూసుకుని, ఆ చెదురుని గజంకర్రగా వాడుతుంది. అందరూ ఒకే ఎత్తున్న ఊళ్లో రెండంగుళాల తేడా పెద్దది. రకరకాల ఎత్తులున్న ఊళ్లో అదే రెండంగుళాలు లెక్కలోకి రావు. అంటే నువ్వెంత దూరంగా ఉన్నావన్నది నీ ఒక్కడి సంగతి కాదు, నిన్ను ఎవరితో కలిపి కొలుస్తున్నారన్న సంగతి కూడా.

నా ప్రోగ్రాములో ఆ 'ఎవరితో' అన్నది నెలజీతగాళ్లు. సూత్రం తప్పు లేదు. గజంకర్ర వాళ్లది.

*

ఈ గజంకర్ర మొదట ఎవరి మీద పెట్టారని వెతికితే నేను నేరుగా మా పేట పక్కకే వచ్చి పడ్డాను.

1920లో నాగపూర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కి నెల్సన్ ఆనన్‌డేల్ కలిశాడు. ఆనన్‌డేల్ జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టరు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల ఎత్తూ, తల పొడవూ వెడల్పూ, ముక్కు కొలతలూ తీయించి పెట్టుకున్నాడు గానీ వాటినేం చెయ్యాలో తెలియదు. మహలనోబిస్‌కి స్టాటిస్టిక్స్ పిచ్చి అప్పటికే పట్టి ఉంది. 1915లో ఇంగ్లండ్ నుంచి వస్తూ 'బయోమెట్రికా' పత్రిక సంపుటాలు వెంట తెచ్చుకుని ఓడలోనే చదివినవాడు. ఆ కొలతలు తీసుకుని సుమారు 200 మంది ఆంగ్లో ఇండియన్ మగవాళ్ల ఎత్తు మీద 1922లో వ్యాసం వేశాడు. స్టాటిస్టిక్స్‌లో ఆయన మొదటి పరిశోధన అదే.

వాళ్లనే ఎందుకు కొలిచారు? ఆ కాలం ప్రశ్నలు అలాంటివి. హెర్బర్ట్ రిస్లీ అనే ఐసీఎస్ అధికారి 1891 నాటికే బెంగాల్ కులాల తలలూ ముక్కులూ కొలిపించి పుస్తకాలు అచ్చేశాడు. ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కిందిదన్నది ఆయన సిద్ధాంతం. 1901 జనాభా లెక్కలకి కమిషనర్ కూడా ఆయనే. కులానికీ జాతికీ ముడిపెట్టి, దాన్ని ముక్కు మీద నిలబెట్టిన ఈ శాస్త్రం ముందు ఆంగ్లో ఇండియన్లు ఒక చిక్కుముడి. వాళ్లు ఏ గడిలోనూ పట్టరు.

మహలనోబిస్ 1925లో అవే కొలతల్ని రిస్లీ సేకరించిన బెంగాల్ కులాల కొలతల పక్కన పెట్టి, ఆంగ్లో ఇండియన్లు ఎవరికి దగ్గరో చూడబోయాడు. ఆ పనిలో ఆయనకి ఇంకొకటి తేలింది. బెంగాలీ బ్రాహ్మణులు బయటి ప్రాంతాల బ్రాహ్మణులకన్నా బెంగాల్‌లోని ఇతర కులాలవాళ్లకే ఎక్కువ దగ్గరగా ఉన్నారు. వాళ్ల వంశవృక్షాలు చెప్పే కథ వేరు, కొలతలు చెప్పే కథ వేరు. రిస్లీ అంకెలే రిస్లీ మాటకి అడ్డం తిరిగాయన్నమాట.

తర్వాత లండన్‌లో కార్ల్ పియర్సన్ దగ్గర కొంతకాలం గడిపాడు. రెండు జాతుల సామ్యాన్ని కొలవడానికి పియర్సన్ వాడే పద్ధతి ఒకటుంది. అది కొలతల మధ్య పొత్తుల్ని పట్టించుకోదు. పైగా ఎంతమందిని కొలిచామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మహలనోబిస్ ఈ లోపాలు ఎత్తిచూపాడు, పియర్సన్ ఒప్పుకోలేదు. 1930లో తన కొలమానాన్ని ఆయన కలకత్తాలోనే అచ్చేసుకున్నాడు. 1936లో దానికి పూర్తి రూపం వచ్చింది. ఇప్పుడు నా లైబ్రరీలో ఉన్నది ఆ రూపమే. ఫిషర్ ఐరిస్ పూల మీద తన ప్రసిద్ధమైన వ్యాసం రాసింది కూడా 1936లోనే. పూలవైతేనేం, తలలవైతేనేం, కొలతల కట్ట చూసి ఇది ఏ గుంపుదో చెప్పడమెలా అన్నదే ఇద్దరి ప్రశ్న.

*

రోడ్డు మీది పేరు ఇక్కడ కథలోకి వస్తుంది.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబర్ 10న అప్పటి బళ్లారి జిల్లా హడగళిలో పుట్టాడు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు కాబట్టి కృష్ణుడి పేరు. తండ్రి పోలీస్ ఇన్‌స్పెక్టరు. బదిలీ అయినప్పుడల్లా బడి మారేది: గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేదని ఆయన తర్వాత ఒక పుస్తకం అంకితంలో రాసుకున్నాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఎ. ఫస్టు క్లాసులో ఫస్టు. అక్కడే రిసెర్చి స్కాలర్‌షిప్పుకి పెట్టిన దరఖాస్తు ఆలస్యమైందని తిప్పికొట్టారు.

యుద్ధం రోజులు. సైన్యంవాళ్ల సర్వే యూనిట్‌లో గణితం తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లాడు. ఉద్యోగం రాలేదు. బస చేసిన దక్షిణాది హోటల్లో ఇంకో కుర్రాడు పరిచయమయ్యాడు. అతన్ని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకి పంపారట. అదేంటో చూద్దామని రావు వెంట వెళ్లాడు. 1931లో ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ విభాగంలో మహలనోబిస్ మొదలుపెట్టిన సంస్థ అది. నచ్చింది. 1941 జనవరి 1న ట్రైనింగులో చేరిపోయాడు. ఇరవయ్యేళ్లు.

ఆ ఏడాదే కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎం.ఎ. తెరిచింది. దేశంలో అలాంటిది మొదటిసారి. రావు ఆ మొదటి బ్యాచి విద్యార్థి. సిలబస్ అచ్చయిన పుస్తకంలో లేదు. పాఠం చెప్పేవాళ్లే ఆ పాఠాన్ని అప్పుడప్పుడే కనిపెడుతున్నారు. మహలనోబిస్ దూరం ఏ సంభావ్యతతో ఎలా పంపిణీ అవుతుందో తేల్చిన ఆర్.సి. బోస్, ఎస్.ఎన్. రాయ్ అక్కడే ఉన్నారు. మా క్లాసులో ఎవరైనా 'ఈ సూత్రం ఎక్కణ్నుంచి వచ్చింది సార్' అంటే 'డెరివేషన్ పరీక్షకి లేదు' అనేవారు. అక్కడ అది ఎక్కణ్నుంచి వచ్చిందో పక్కగదిలోకి వెళ్లి అడగొచ్చు.

1943లో రావు 87 శాతం మార్కులతో పాసయ్యాడు. అదొక రికార్డు. ఆ 1943లోనే కలకత్తా వీధుల్లో బెంగాల్ కరువు. తిండి కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లు పేవ్‌మెంట్ల మీద చనిపోతున్నారు. కరువు మిగిల్చిన నష్టం మీద మహలనోబిస్ బృందం శాంపిల్ సర్వే చేసి 1946లో ప్రచురించింది. ఆ బ్యాచి పిల్లలకి అంకెల వెనక మనుషులున్నారని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేకపోయి ఉంటుంది.

చదువు పూర్తయిన వెంటనే అదే విశ్వవిద్యాలయంలో రావు పాఠం చెప్పడం మొదలెట్టాడు. ఒకరోజు ఫిషర్ ఫలితం ఒకటి చెబుతున్నాడు. నమూనా చాలా పెద్దదైనప్పుడు మన అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో దానికొక హద్దుంది. విద్యార్థి వి.ఎం. దండేకర్ లేచి, నమూనా చిన్నదైతేనో అని అడిగాడు. రావు దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించి మర్నాడు క్లాసులో చెప్పాడు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఉన్న ఆ ఫలితమే ఇప్పుడు క్రామెర్-రావు హద్దుగా ప్రపంచమంతా చదువుతున్నది. రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం మూలమూ ఆ వ్యాసంలోనే ఉంది. దానికిగాను 2023లో, ఆయన 102వ ఏట, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. ఆ ఆగస్టు 22న అమెరికాలో చనిపోయాడు. ప్రశ్న అడిగిన దండేకర్ ఆర్థికవేత్త అయి, దేశంలో పేదరికాన్ని ఎలా కొలవాలన్న చర్చకి నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో పునాది వేశాడు. ఒక క్లాస్‌రూమ్, ఒక ప్రశ్న, ఇద్దరు మనుషులు. అడగనిచ్చిన క్లాసు అది.

*

బహుచర విశ్లేషణలో రావు అసలు పని మనుషుల తలలతోనే మొదలైంది. 1946లో కేంబ్రిడ్జి వెళ్లాడు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పురాతన అస్థిపంజరాల కొలతలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద మహలనోబిస్ దూరం వాడాలి, అందుకు కలకత్తా నుంచి మనిషి కావాలన్నారు. పగలు ఎముకల లెక్కలు, మిగిలిన వేళల్లో ఫిషర్ ప్రయోగశాలలో ఎలకల జన్యువుల పని. ఫిషర్ పర్యవేక్షణలోనే 1948లో పీహెచ్‌డీ. అంశం జీవశాస్త్రంలో వర్గీకరణ సమస్యలు. రెండు గుంపులకి ఫిషర్ చేసినదాన్ని ఎన్ని గుంపులకైనా విస్తరించిన వ్యాసం అదే ఏడాది వచ్చింది. 1952లో ఆయన రాసిన పుస్తకం ఈ సబ్జెక్టులో తొలి పాఠ్యగ్రంథాల్లో ఒకటైంది. ఇవాళ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివే ఏ తెలుగు విద్యార్థి సిలబస్‌లోనైనా ఆ అధ్యాయాల నీడ కనిపిస్తుంది.

నన్ను ఎక్కువ ఆపింది 1949 నాటి ఇంకో వ్యాసం. 1941లో డి.ఎన్. మజుందార్ యునైటెడ్ ప్రావిన్సెస్‌లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో, రకరకాల కులాల, తెగల మనుషుల్ని కొలిచాడు. ఆ కొలతల మీద మహలనోబిస్, మజుందార్, రావు కలిసి 'సాంఖ్య' పత్రికలో సుదీర్ఘ అధ్యయనం వేశారు. ఇరవై గుంపులుంటే 190 జతలు. ప్రతి జతకీ దూరం లెక్కగట్టాలి, అదీ చేత్తో తిప్పే యంత్రాల మీద. 'కంప్యూటర్' అంటే ఆ రోజుల్లో కుర్చీలో కూర్చుని లెక్క చేసే మనిషి. ముడిపడ్డ కొలతల్ని వరసగా విప్పుకుంటూ పోయి చివరికి మామూలు వర్గాల కూడికగా మార్చే పద్ధతిని రావు చేర్చాడు. నా లాప్‌టాప్ సెకనులో వందోవంతులో చేసేది వాళ్లకి నెలల పని.

తేలిందేమిటి? బ్రాహ్మణులు ఒక కొసన, తెగలు ఇంకో కొసన, చేతివృత్తులవాళ్లు మధ్యలో. బెంగాల్‌లో కులగర్వాన్ని బోనులో నిలబెట్టిన కొలమానమే ఇక్కడ కులాల నిచ్చెనలాంటి బొమ్మ గీసింది.

ఇది చదివినప్పుడు ఒక రకమైన నిరాశ కలిగింది. సూత్రం మన పక్షాన ఉండాలని ఎందుకో ఆశపడ్డాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, ఆ కొలత చెప్పింది 'ఎంత' అన్నది మాత్రమే. 'ఎందుకు' అన్నది చెప్పలేదు. తిండి వల్లా, తరతరాల చాకిరీ వల్లా, కులం లోపలే పెళ్లిళ్ల వల్లా, దేనివల్ల ఆ దూరం? దాని దగ్గర జవాబు లేదు. ఇంకా ముఖ్యమైనది, గడులు ముందే గీసి ఉన్నాయి. ఎవరు ఏ కులమో రాసుకున్న తర్వాతే టేపు తీశారు. గడికీ గడికీ దూరం చెప్పడమే సూత్రానికి తెలుసు. ఆ గడి ఎవరు గీశారని అది అడగలేదు.

ఆ ప్రశ్నని అడిగినవాడు అంబేద్కర్. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1948లో వచ్చిన అంటరానివాళ్ల పుట్టుక గురించిన పుస్తకంలో ఆయన ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతల్నే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివాళ్లూ వేరు జాతులన్న వాదానికి ఇవే సాక్ష్యాలైతే ఆ వాదం నిలబడదని చూపించాడు. టేపు రిస్లీ శిష్యులదే. చదివిన కళ్లు వేరు.

*

మా ఇంటికి కాస్త దూరంలో సౌత్ లాలాగూడ. 1893లో నిజాం రైల్వేవాళ్ల క్యారేజ్ వర్క్‌షాప్ లాలాగూడలో వచ్చాక ఆ చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇప్పుడు చాలామంది ఆస్ట్రేలియాకో కెనడాకో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో రైల్వే గార్డుగా రిటైరైన ఒక అంకుల్ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మొన్న క్రిస్మస్‌కి కేకు తింటూ 1922 వ్యాసం సంగతి చెప్పాను. ఆసక్తిగా విన్నారు. ఏమేం కొలిచారని అడిగారు. ఎత్తు, తల, ముక్కు అన్నాను. ముక్కు తడుముకుని నవ్వారు.

"మా నాన్నని కూడా కొలిచారు, రైల్వేలో చేరేటప్పుడు. ఎత్తు, ఛాతీ. కొలిచాక ఉద్యోగమిచ్చారు. మరి ఆ కలకత్తావాళ్లకి ఏమిచ్చారు?"

"వాళ్లకేం ఇవ్వలేదంకుల్. మాకు మాత్రం ఫార్ములా ఇచ్చారు."

"అయితే ఇంకా బాకీ ఉన్నారు," అన్నారాయన.

2020 జనవరిలో చట్టసభల్లో ఆంగ్లో ఇండియన్ల నామినేటెడ్ సీట్లు రద్దయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వాళ్లు 296 మందే అని అంతకుముందు పార్లమెంటులో మంత్రి చెప్పారు. ఆ అంకె విని ఆ సమాజం నివ్వెరపోయింది. ఒక్క కలకత్తాలో, ఒక్క వ్యాసం కోసం, ఒకప్పుడు 200 మంది మగవాళ్లని నిలబెట్టి కొలిచిన దేశం ఇది. కొలవాలనుకుంటే దొరుకుతారు. లెక్కపెట్టేటప్పుడు గడి లేకపోతే కనిపించరు.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 2024 నవంబర్‌లో మా ఇంటికి కూడా తెలంగాణ ప్రభుత్వం చేసిన కులసర్వే ఎన్యూమరేటర్ వచ్చింది. ఒక స్కూలు టీచరు. భూమి, చదువు, ఉద్యోగం, ఇల్లు, బండి, అప్పు, పేజీలకి పేజీలు. ఆ సమాచారాన్ని పరిశీలించిన జస్టిస్ సుదర్శన్ రెడ్డి నిపుణుల బృందం చాలా అంశాలు కలిపి ఒక్కో కులం వెనుకబాటుకి ఒక్క సూచీ కట్టే పని చేసింది. మళ్లీ అవే ప్రశ్నలు. బండీ ఫ్రిజ్జూ ఇల్లూ ఒకదానితో ఒకటి ముడిపడ్డవి, ఒకే లేమిని మూడుసార్లు లెక్కపెడుతున్నామా? దూరం ఎవరి నుంచి? రిస్లీ కొలిచింది పైవాడు పైవాడేనని చెప్పడానికి. ఇప్పుడు కొలుస్తున్నది కిందివాడికి రావాల్సింది ఎంతో తేల్చడానికి. ఆ తేడా చాలా పెద్దది. కానీ లెక్క సరిగ్గా చెయ్యాల్సిన బాధ్యత ఇప్పుడు ఇంకా ఎక్కువ. ఈసారి జవాబు మీద సీట్లూ ఉద్యోగాలూ ఆధారపడి ఉన్నాయి. ఆ లెక్కని అర్థం చేసుకుని నిలదీయగలవాళ్లు ఎంతమందిని మన కాలేజీలు తయారుచేస్తున్నాయన్నది నా భయం. నాలాంటి బట్టీ బ్యాచిలు చాలా బయటికొచ్చాయి.

నా వంతుగా చేసింది చిన్నపని. గుట్టలో ఉన్న దరఖాస్తుల్ని వృత్తుల వారీగా విడదీశాను. కూరగాయలమ్మేవాళ్లని కూరగాయలమ్మేవాళ్లతో, పెన్షనర్లని పెన్షనర్లతో పోల్చి మళ్లీ దూరం లెక్కగట్టాను. ఎక్కువమంది మామూలు మనుషులే అని తేలింది. వాళ్ల బజారులో వాళ్లు మామూలే. రిపోర్టు రాసి పైకి పంపాను. గుట్టని చూడటానికి ఒక మనిషిని పెట్టాలన్న మాట ఇంకా మీటింగుల్లోనే ఉంది. ఈలోగా వారానికో సాయంత్రం నేనే తెరిచి ఒక్కో దరఖాస్తు చదువుతున్నాను.

సి.ఆర్. రావు పేరుతో యూనివర్సిటీ ఆవరణలో ఒక పరిశోధన సంస్థ కూడా ఉంది. గేటు దాకా వెళ్లి వచ్చాను. తిరిగొస్తుంటే ఆటో అతను ఎవరు సార్ ఈ సి.ఆర్. రావు అని అడిగాడు. మన ఊళ్ల బళ్లలో చదివిన లెక్కల మాస్టారు, విద్యార్థి అడిగినదానికి జవాబు తెలియక రాత్రంతా కూర్చున్నాడు అని చెప్పాను. తెల్లారి జవాబు చెప్పాడా అన్నాడు. చెప్పాడన్నాను.